స్టెప్నీకి బొట్టు

మహర్నవమి

షావుకారు గారి మోటారుకు ఆయుధపూజ. చక్రాల నట్లన్నీ నేనే బిగించాను — ముందు చేత్తో పట్టించి, తర్వాత పానాతో ఎదురెదురుగా, జాకీ దింపాక ఆఖరి బిగింపు. తిరిగే నాలుగు చక్రాలకూ కుంకుమ బొట్లు. వెనక కట్టిన స్టెప్నీకి పెట్టలేదు, కుంకుమ చాల్లేదు. మద్రాసు నుంచి తెప్పించిన ఆ పానా ఇప్పుడు పూజలో ఉంది... రేపు పూజ ఎత్తేదాకా ముట్టకూడదు. సాయంత్రం చుట్టాలను గేట్ బజార్ తిప్పడానికి బండి అప్పన్న తీసుకెళ్లాడు. నా బావమరిది, బండి తోలడం నేను నేర్పిన చెయ్యి. దిగుల్లేదు.

విజయదశమి

బండి తియ్యమని చీకటితోనే పిలుపు. కలెక్టరు దొరకు దసరా పళ్లబుట్ట ఇవ్వాలి. ఛత్రపూర్ రోడ్డు మీద ఎడం చక్రం ఊడింది. షావుకారు గారి చెయ్యి విరిగింది. నాకేం కాలేదు — ఏదైనా అయ్యుంటే బాగుండేది.

ఊడిన చక్రానికి బొట్టు లేదు. స్టెప్నీకి ఉంది! రోడ్డు మీద దొరికిన నట్ల అంచుల నిండా ఉలి దెబ్బలు. నిన్న పంచరైతే అప్పన్న చక్రం మార్చాడన్నమాట. పూజలో ఉన్న పానా ముట్టడానికి భయపడి, ఉలితో కొట్టి విప్పి, ఉలితోనే కొట్టి బిగించాడు. నాతో ఒక్క ముక్క చెప్పలేదు.

ఏకాదశి

సావిట్లో అందరి ముందూ అప్పన్న — "నాకేటి తెల్దు బాబూ. సెక్రాలన్నీ బావే బిగించినాడు."

స్టెప్నీ చూపించబోయాను. బొట్టు శుభ్రంగా కడిగేసి, పంచరు అతికించి ఉంది. నట్లు కూడా మార్చేశారు.

"నిన్ను నమ్మినాను కదరా," అన్నారు షావుకారు గారు. ఆ మాట నేను అనాల్సింది, అప్పన్నతో. కొలువు పోయింది.

ద్వాదశి

అన్నం సహించలేదు.

పౌర్ణమి

మా ఆవిడకు తెలుసు. తమ్ముడు ఏకాదశి నాడే వచ్చి ఏడ్చి చెప్పుకున్నాడట. "ఆడికి పిల్లనిత్తామన్నోళ్లు ఎనక్కెల్లిపోతారు. మీకైతే ఇంకో కొలువు దొరుకుతాది" — నాకు వడ్డిస్తూనే అంది. ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను. ఏం లాభం?

బహుళ తదియ

అప్పన్న ఇప్పుడు డ్రైవరు. గేట్ బజార్లో నా పక్క నుంచే హారను కొట్టుకుంటూ పోయాడు. ఒళ్లు మండింది.

పంచమి

అప్పన్న మా గుమ్మంలో. చేతిలో ఆ పానా. రేపు షావుకారు గారి కోడలు పసిబిడ్డతో ఆ బండిలోనే పుట్టింటికి.

"బావా, సెక్రం ఊగుతోంది. నట్లు ఏ వరసన బిగించాలో ఓపాలి సెప్పవా?"

వెనక నుంచి మా ఆవిడ — "పసిబిడ్డ ఎక్కుతాది, సెప్పండి."

పానా అందుకున్నాను. నేనే వచ్చి బిగిస్తాను అన్నాను... ముందు షావుకారు గారి దగ్గర నువ్వు నోరు విప్పు.

అప్పన్న అక్క వంక చూశాడు. ఆవిడ నా వంక చూడదు. వాడు గుమ్మం దిగి వెళ్లిపోయాడు.

పానా నా ఒళ్లోనే ఉంది. పొద్దున్నే బండి కదులుతుంది.