పొయ్యి బూడిదలో రాజకుమారి

ద్రాక్షకోతల నెల, పాడ్యమి

థ్రాసోన్ ఓడ రేవుకు చేరింది. పక్క దీవికి రాజు. ఇంటికొచ్చిన అతిథికి ఒళ్ళు కడిగి నూనె రాయడం రాజు కూతురి పని కదా, నేనే చేశాను. తొట్టెలో కూర్చుని నా పళ్ళు చూశాడు, సంతలో గుర్రానికి చూసినట్టు. ముసలి దాది ఎరినా చెప్పింది, వాడి భార్యలిద్దరూ కోటగోడ మీంచి జారిపడి పోయారట. ఇద్దరూ ఆ గోడ మీంచే. గోడకి ఆడవాళ్ళ మీద అంత పగేమిటో!

విదియ, పొద్దున

నన్ను ఇచ్చేశారు.

నిన్న విందులో మా నాన్న ఆల్కిమోస్ మహారాజు తాగి, థ్రాసోన్ గుర్రాలని పొగిడి పొగిడి, అవి నాకిస్తే నా కూతుర్ని నీకిస్తానని స్టిక్స్ నది మీద ఒట్టేశాడు. పాతాళంలో పారే ఆ నది మీద ఒట్టేస్తే దేవతలే తప్పలేరు. పొద్దున్నే నా దగ్గరికి వచ్చి ఏడ్చాడు. నికాంద్రా, తాగిన మైకంలో నోరు జారానే, ఇప్పుడు నన్నేం చెయ్యమంటావు తల్లీ అన్నాడు. ఏడవాల్సింది నేను. ఆ పని కూడా ఆయనే చేసేశాడు. వాడి కోటగోడ సంగతి తెలుసా అని అడిగితే, ఊళ్ళోవాళ్ళ మాటలు నమ్మకే అని గుర్రాలు చూడడానికి వెళ్ళిపోయాడు.

తదియ

పెళ్ళికి ముందు ఇవ్వాలి కాబట్టి జుట్టు కోసి ఆర్టెమిస్ దేవత గుళ్ళో ఇచ్చాను. జుట్టుదే అదృష్టం, ఈ ఊళ్ళోనే ఉంటుంది.

చవితి

ఒళ్ళు మండిపోతోంది. ఇవాళ ఒకడు శరణు గుర్తుగా ఉన్ని చుట్టిన ఆలివ్ కొమ్మ పట్టుకుని సరాసరి పెద్ద సావడిలోకి వచ్చి, పొయ్యి బూడిదలో కూలబడ్డాడు. సొంత బాబాయిని చంపి పారిపోయి వచ్చినవాడు. తరుముకొచ్చినవాళ్ళు కత్తులతో గుమ్మంలో నిలబడ్డారు. నాన్న ఛాతీ విరుచుకుని, బూడిద తాకినవాడు జీయస్ దేవుడి మనిషి, నా తలైనా ఇస్తాను గానీ వీణ్ణి ఇవ్వను, పొండ్రా అన్నాడు.

సభంతా భేష్ అంది. ద్రాక్షసారా కూజా పట్టుకుని నేనూ అక్కడే ఉన్నాను. హంతకుడికి ఉన్న చోటు ఈ ఇంట్లో నాకు లేదు. పరాయివాడి కోసం తల ఇస్తాడట. కూతుర్నైతే గుర్రాలకిచ్చేస్తాడు.

నేనూ పరాయిదాన్నైతే?

పంచమి

బూడిద చేతులతోనే ఇది రాస్తున్నాను.

తెల్లవారగానే పొలిమేర రాయి దాటాను. నాన్న చేయించిన గాజులు అక్కడే తీసి విసిరేశాను. ఆలివ్ కొమ్మ విరిచి, ఉన్ని చుట్టి, అందరూ చూస్తుండగా వీధి గుమ్మంలోంచి వచ్చి బూడిదలో కూర్చున్నాను. లేవే, ఏమిటీ వేషాలు, పెళ్ళికొడుకు చూస్తున్నాడు అన్నాడు నాన్న. ఒక చేత్తో ఆయన మోకాళ్ళు, ఇంకో చేత్తో గడ్డం పట్టుకున్నాను. అయ్యా, పరదేశిని, దిక్కులేనిదాన్ని, శరణు అన్నాను. నాన్నా అనలేదు.

థ్రాసోన్ పగలబడి నవ్వాడు. ఏమిటి మామా, నీ కూతురు నాటకాలు కూడా ఆడుతుందా, పద పిల్లా అంటూ నా రెక్క పట్టుకోబోయాడు. సభలో ఎన్నడూ నోరెత్తని అమ్మ అప్పుడు లేచింది. మా ఇంట్లో కూతురు లేదు బాబూ, బూడిద తాకినామె మీద చెయ్యి వేస్తే జీయస్‌కి నువ్వే చెప్పుకో అంది.

నాన్న అటూ ఇటూ చూశాడు. కూతురంటే ఒట్టు ప్రకారం నన్ను ఓడ ఎక్కించాలి. శరణార్థి అంటే ఇక కూతురు లేనట్టే. నిన్న భేష్ అన్నవాళ్ళంతా ఆయన నోటివైపే చూస్తున్నారు. ఎంతసేపు ఆలోచించాడో! ఆ ఆలస్యాన్ని మాత్రం నేను క్షమించను. చివరికి నా చెయ్యి పట్టి లేపి, నాకు కూతురు లేదు అన్నాడు.

థ్రాసోన్ బూతులు తిట్టుకుంటూ వెళ్ళిపోయాడు. నాన్న గుమ్మం దాకా వెళ్ళాడు, గుర్రాలని ఆఖరుసారి చూసుకోవడానికి.

షష్ఠి

నిన్నంతా ముద్ద ముట్టలేదు. ఇవాళ తిన్నాను. అతిథి కడుపు నిండాకే పేరు అడగాలి కదా, ఆల్కిమోస్ మహారాజు అప్పటిదాకా ఆగాడు. ఎవరమ్మా నువ్వు, ఏ ఊరు, మీ నాన్నెవరు అని మర్యాదగా అడిగాడు.

ఉండేవాడండీ, మొన్నటిదాకా, అన్నాను.