రాలుతున్న టమాటా పూత

నాయనా,

నువ్వు పోయాక ఇది మొదటి వేసవి. అగ్గిపెట్టెలో నువ్వు దాచిన టమాటా విత్తనాలన్నీ మిద్దె మీద బకెట్లలో వేశాను. మొక్కలు బాగానే లేచాయి కానీ, వారం నుంచి పూత రాలిపోతోంది. పొద్దున్నే పైకెక్కి రాలిన పూలు లెక్కపెడుతున్నాను. కాయ పట్టకపోతే నీ విత్తనం ఇక లేనట్టే.

ఎండ చాలడం లేదేమోనని భయపడి ఎరువుల దుకాణం అతన్ని అడిగాను.

"ఆరేడు గంటల ఎండ చాలమ్మా. మన మార్కాపురం ఎండకు మధ్యాహ్నం నీడ లేకుంటే పూత నిలబడదు. నిరుడు నీడకు ఏం కట్టినారు?"

ఏమీ కట్టలేదన్నాను. ఇంటికొచ్చి బకెట్ల దగ్గర నిలబడితే బట్టలారేసే తీగ ఖాళీగా కనిపించింది. పలకల ఫ్యాక్టరీ నుంచి మధ్యాహ్నం రాగానే స్నానం చేసి, పంచె ఉతికి నువ్వు ఆ తీగ మీదే ఆరేసేవాడివి. దాని నీడ మొక్కల మీద పడేది.

నిన్న పెట్టెలోంచి నీ పంచె తీసి, తడిపి ఆరేశాను. అమ్మ ఏమంటుందో అనుకుంటుండగానే పైకొచ్చింది. ఎందుకో చెప్పాను. అమ్మ పంచె ముడతలు సరిచేసి, రెండు క్లిప్పులు పెట్టింది.

"రేపు గూడా ఆరెయ్యి పాపా" అంది.

ఈ పొద్దున నాకంటే ముందే పైకెక్కి, రాలిన పూలు లెక్కపెడుతోంది.