ఏడో పాటలో నవ్వు

రికార్డుల కంపెనీ పెద్దలకు,

ఎనిమిదేళ్ళుగా మీ మీద కడుపు మండిపోతోంది. ఆ రాక్ బ్యాండువాళ్ళ పాత పాటల్లో మేటివి ఏరి ఒక్క సీడీగా వేశారు చూడండి, అప్పటినుంచి. ఏడో పాటలో నవ్వు సంగతేమిటి? సిగ్గుండాలి. వెంటనే సరిచెయ్యండి.

ఇట్లు,
రిటైరైన లారీ మెకానిక్

తా.క.: వివరంగా రాసేంత చదువు నాకు లేదు. అయినా తప్పు మీది, వివరం మీకే తెలియాలి.

*

అయ్యా,

ఏడో పాటలో మీకు నవ్వు వినిపించినందుకు క్షమించండి. పాత రికార్డులోని ఆ నవ్వును ఎప్పుడో తీసేశాం. ఎక్కడైనా పిసరు మిగిలిందేమోనని మళ్ళీ శుభ్రం చేయించి, కొత్త సీడీ పంపుతున్నాం.

భవదీయురాలు,
పాత పాటల విభాగం గుమస్తా

తా.క.: పాటగాడు ఊపిరి తీసుకునే చప్పుడు కూడా తీసేశాం.

*

గుమస్తాగారికి,

తియ్యమన్నదెవరమ్మా? పెట్టమంటున్నా! ఊపిరి కూడా పీకేశారు, పాపం అతనేం చేశాడు?

ఆ నవ్వు మా ఆవిడది. ఆ పాట రికార్డు చేసిన స్టూడియో ఊడ్చేది. పాట మధ్యలో డ్రమ్ములవాడు తాళం తప్పితే పకపకా నవ్వింది. పాటగాడు మంచివాడు, బాగుంది ఉంచెయ్యండి అన్నాడట. ఆవిడ పోయి రెండేళ్ళయింది. పాత రికార్డు ఉంది కదా అని ఇన్నాళ్ళూ మిమ్మల్ని తిట్టుకుని ఊరుకున్నా. మొన్న తుడుస్తుంటే జారి పడి ముక్కలైంది. ఇంట్లో ఫోటో ఉంది. నవ్వుతూనే ఉంటుంది గానీ వినపడదు.

ఇట్లు,
ఆవిడ మొగుడు

తా.క.: మీ సీడీ మంచినీళ్ళ చెంబు మీద మూతగా పెట్టా. నడిమధ్య బొక్క లేకపోతే ఇంకా పనికొచ్చేది.

*

తాతగారికి నమస్కారాలు.

మీ ఉత్తరం పట్టుకెళ్ళి మా పెద్దాయన ముందు పెట్టి, టేపుల గది తెరిపించాను. అసలు టేపు దొరికింది. నవ్వు ఉంది! నవ్వాక మామ్మగారు ఒక మాట కూడా అన్నారు. అప్పట్లో మాట కత్తిరించి నవ్వొక్కటే రికార్డులో ఉంచారు. కొత్త ముద్రణలో నవ్వు తప్పకుండా పెడతాం. మాట మాత్రం మీరు విని, సరేనంటేనే. రెండూ ఉన్న సీడీ ఇందులో పెట్టాను.

మీ మనవరాలి లాంటిది,
గుమస్తా

తా.క.: ఆఫీసంతా విన్నాం. ఎవరూ నవ్వలేదు. సరే, కొంచెం నవ్వాం.

*

అమ్మాయికి,

విన్నా. "వీడి డ్రమ్ముల కంటే మా ఆయన గురక నయం, తాళం తప్పదు" అంది.

నలభై ఏళ్ళుగా డ్రమ్ములవాణ్ణి చూసి నవ్విందని ఊరందరికీ చెప్పుకు తిరిగా. నన్ను తలుచుకుని నవ్విందా మహాతల్లి! అసలు నాకు గురకే లేదు. ఉందని నాతో ఏనాడూ అనలేదు. అనుంటే రోషానికి పోయి అవతలి గదిలో పడుకునేవాణ్ణి. అందుకే అనలేదేమో.

మాట తియ్యొద్దు. ఊపిరి కూడా పాటగాడిది పాటగాడికి ఇచ్చెయ్యండి. కవరు మీద ఎవరేం వాయించారో వేస్తారు కదా, ఆ వరసలోనే వెయ్యండి: నవ్వు, స్టూడియో ఊడ్చే ఆవిడ. గురక, ఆవిడ మొగుడు.

ఇట్లు,
గురక

తా.క.: వేస్తారా, వెయ్యరా? ఈ నెల ఇరవయ్యో తారీకులోగా నాకు జవాబు రావాలి.