బరువు తగ్గించాలి

పటేల్‌గూడ,
14-6-1988.

సంక్షేమాధికారి వెంకటేశం గారికి,

మూడో షెడ్డు ఓవర్‌హెడ్ క్రేను ఆపరేటరు రామలింగేశ్వరరావు నమస్కరించి రాసుకుంటున్న విన్నపం. మీరు ఆఫీసులో ఉన్నంతసేపూ నేను నలభై అడుగుల ఎత్తున ఉంటాను. నేను దిగేసరికి మీరు సంగారెడ్డి బస్సెక్కేస్తారు. అందుకే ఉత్తరం.

ఇవాళ మాకు ఏడాది మెడికల్ జరిగింది. డాక్టరు గారు నన్ను కాటా ఎక్కించి, ముల్లు చూసి, నన్ను దింపి, కాటాను సరిచేసి, మళ్ళీ ఎక్కించారు. రెండుసార్లూ తొంభై నాలుగే. సెప్టెంబరు లోపల ఎనభై నాలుగుకు దిగకపోతే కేబిన్ నిచ్చెన ఎక్కడానికి ఫిట్‌నెస్ ఇవ్వనన్నారు. ఫిట్‌నెస్ లేకపోతే నన్ను స్టోర్సులో నట్లూ బోల్టులూ లెక్కపెట్టుకోమంటారు. తెనాలి నుంచి వచ్చి పద్నాలుగేళ్ళుగా ఆ కేబిన్లోనే ఉన్నాను సార్. ఈ ప్రాంతంలో నాకంటూ ఒక చోటు ఉందంటే అదే.

ఏం తినాలో డాక్టరు గారు టైపు కాగితం ఇచ్చారు. పొద్దున ఉడికించిన గుడ్లు రెండు, తెల్లసొన మాత్రమే. మధ్యాహ్నం తోలు తీసిన కోడి. సాయంత్రం కాల్చిన చేప. మేం తరతరాలుగా శాకాహారులం. నేను తిననివన్నీ కొట్టేసుకుంటూ పోతే కాగితం మీద మూడే మిగిలాయి. కీరదోసకాయ, మంచినీళ్ళు, డాక్టరు గారి సంతకం.

పప్పు తినొచ్చా? పప్పులో నెయ్యి వేసుకోవచ్చా? నెయ్యి వేసుకోకూడదంటే ఇక పప్పు దేనికి? ఇవన్నీ ఆయన్ని అడిగే ధైర్యం లేక మిమ్మల్ని అడుగుతున్నాను. శాకాహారులకు వేరే కాగితం ఏదైనా ఉంటే ఇప్పించగలరు.

ఇట్లు,
తొంభై నాలుగు కిలోల మీ విధేయుడు
రామలింగేశ్వరరావు

తా.క.: మా ఆవిడ నాగేశ్వరి ఆ కాగితం చదివి, "ఇందులో మీరు తినేది ఒక్కటీ లేదు. తప్పకుండా తగ్గుతారు. డాక్టరు మంచివాడే" అంది.

---

సంక్షేమ విభాగం,
17-6-1988.

శ్రీ రామలింగేశ్వరరావు గారికి,

విషయం: పప్పులో నెయ్యి.

మీ లేఖ అందినది. డాక్టరు గారిని సంప్రదించగా, శాకాహారులు అన్నం తగ్గించి జొన్న రొట్టె, ఆకుకూరలు, మొలకెత్తిన పెసలు, వెన్న తీసిన మజ్జిగ తీసుకోవాలని చెప్పారు. నెయ్యి సంగతి అడిగినప్పుడు వారు నన్ను పైనుంచి కింది దాకా చూసి, "మీరెన్ని కిలోలు?" అన్నారు. అందుచేత ఆ ప్రశ్నను అక్కడితో ముగించడమైనది.

మన కేంటీనులో జొన్న రొట్టె చేయరు. మీరు ఇంటి నుంచి తెచ్చుకోవచ్చు. అయితే కేంటీను భోజనం వద్దనుకునే కార్మికుడు "భోజనం నిరాకరిస్తున్నాను" అన్న ఫారం మీద సంతకం చేసి టైం ఆఫీసులో ఇవ్వవలెను. కారణం రాయడానికి ఆ ఫారంలో గడి లేదు. రాయనవసరం లేదు.

భవదీయుడు,
వెంకటేశం

తా.క. (ఇది నా చేతిరాత, ఫైలుకు కాదు): రావు సాబ్, మా అమ్మ నర్సింహమ్మ డెబ్బై ఏండ్ల సంది జొన్న రొట్టెనే తింటున్నది. పుల్ల లెక్కనే ఉన్నది. గని రొట్టె తిన్నంక పొలానికి వొయ్యి పొద్దుగూకేదాంక కలుపు తీస్తది. గా ముచ్చట డాక్టర్ సాబ్‌కు నేను చెప్పలే.

---

పటేల్‌గూడ,
4-7-1988.

గౌరవనీయులైన వెంకటేశం గారికి,

నమస్కారాలు. మీరు చెప్పినట్టే ఫారం ఇచ్చేశాను. టైం ఆఫీసులో గుమాస్తా దాన్ని రెండుసార్లు చదివి, నా ముఖం చూసి, ఏమీ అడగకుండా ముద్ర కొట్టాడు.

ఇక రొట్టె సంగతి. మా నాగేశ్వరికి జొన్న రొట్టె రాదు. మొదటి రోజు పెనం మీద ఏడు ముక్కలైంది. పక్కింటి పుష్పమ్మ చూసి జాలిపడి, "గట్ల గాదు వదినా, ఉడుకు నీళ్ళు పొయ్యాలె, చేత్తోని కొట్టాలె" అని నేర్పబోయింది. రెండో రోజు తొమ్మిది ముక్కలైంది. ఆ పైన పుష్పమ్మే రోజూ నాలుగు రొట్టెలు పంపడం మొదలుపెట్టింది. ఒక్కో రొట్టె మీద నిమ్మకాయంత వెన్నపూస. వద్దమ్మా అంటే, "వెన్న లేంది రొట్టె గొంతు దిగదన్నా" అంటుంది. ఆవిడ మనసు నొప్పించలేక పది రోజులు తిన్నాను. ఒక కిలో పెరిగాను.

అందుకని శుక్రవారం నుంచి రొట్టె కూడా మానేశాను. మధ్యాహ్నం రెండు కీరదోసకాయలు, గుప్పెడు మొలకలు, సీసాడు మజ్జిగ. కిందికి దిగితే కేంటీను వైపు నుంచి సాంబారు వాసన వస్తోంది. ఆ వాసనకు నా కాళ్ళు నా మాట వినవు. కాబట్టి భోజనం గంట కొట్టినా దిగకుండా కేబిన్లోనే ఉండిపోతున్నాను.

ఇవాళ ఒక చిన్న సంగతి జరిగింది. యూనియన్ సెక్రటరీ యాదగిరి వచ్చి క్రేను కింద నిలబడ్డాడు. "రావన్నా! అన్నం వద్దని రాసిచ్చినవంట! నాలుగొద్దుల సంది దిగుతలేవంట! ఏంది కథ?" అని అరిచాడు. పక్క షెడ్డులో గ్రైండింగు నడుస్తోంది. ఒక మాట వినబడితే నాలుగు కొట్టుకుపోతున్నాయి. "బరువు తగ్గించాలి!" అని నేనూ శక్తికొద్దీ అరిచాను. అతను కాసేపు నా వంక, కాసేపు క్రేను కొక్కేనికి వేలాడుతున్న పోత పోసిన ఇనప దిమ్మ వంక చూశాడు. తర్వాత పిడికిలి పైకెత్తి, చకచకా వెళ్ళిపోయాడు. అతనికేం అర్థమైందో నాకు అర్థం కాలేదు.

ఇట్లు,
తొంభై ఐదు కిలోల
రామలింగేశ్వరరావు

తా.క.: మొలకలకు తాలింపు పెట్టుకోవచ్చా? పోనీ, మొలకలు మానేసి తాలింపు ఒక్కటే తినొచ్చా?

---

సంక్షేమ విభాగం,
6-7-1988.

శ్రీ రామలింగేశ్వరరావు గారికి,

విషయం: నిరాహార దీక్ష. సంజాయిషీ కోరుట.

మీరు భోజనాన్ని లిఖితపూర్వకంగా నిరాకరించి, ఈ నెల ఒకటో తేదీ నుంచి మూడో షెడ్డు క్రేనుపై నిరాహార దీక్ష చేస్తున్నట్టు యూనియన్ వారు యాజమాన్యానికి నోటీసు ఇచ్చారు. "క్రేను మీద బరువు తగ్గించాలి" అన్నది మీ డిమాండని అందులో ఉన్నది. పది టన్నుల క్రేనుతో పదమూడు టన్నుల దిమ్మలు ఎత్తిస్తున్నామని వారి ఆరోపణ. ఇది నిరాధారమని యాజమాన్యం ఇప్పటికే జవాబిచ్చింది. మీపై చర్య ఎందుకు తీసుకోకూడదో నలభై ఎనిమిది గంటల్లో తెలుపవలెను.

భవదీయుడు,
వెంకటేశం

తా.క. (చేతిరాత): రావు సాబ్, ఏంది గిది? నేను రొట్టె తినుమంటి, మీరు దీక్షకు కూసుంటిరి! జీఎం సాబ్ నన్ను పిలిచి, "వీనికి ఆ ఫారం ఎవడిచ్చిండు?" అన్నడు. నేనే ఇచ్చిన. పదకొండేండ్ల నౌకరిల నన్ను ఆయన పేరు వెట్టి పిలిచింది గదే మొదటిసారి.

---

పటేల్‌గూడ,
8-7-1988.

వెంకటేశం గారికి,

సంజాయిషీ రాసుకుంటున్నాను. అక్షరాలు వంకరగా ఉంటే మన్నించండి.

నేను దీక్షలో లేను. ఆకలిలో ఉన్నాను. ఈ రెంటికీ తేడా యాదగిరికి ఎలా చెప్పాలో తెలియడం లేదు. నిన్న అతన్ని పక్కకు పిలిచి, "బాబూ, తగ్గవలసింది నా ఒంటి బరువు. డాక్టరు చెప్పాడు" అన్నాను. అతను నా భుజం మీద చెయ్యి వేసి, "గిట్ల చెప్పుమని బెదిరించిండ్రా అన్నా? పరేషాన్ గాకు, మేమున్నం" అని బంతిపూల దండ వేశాడు. నేను ఎంత కాదంటే అంత పెద్దమనిషినై పోతున్నాను.

ఇప్పుడు మా షెడ్డులో ఇరవై రెండు మంది నాకు తోడుగా మధ్యాహ్నం భోజనం మానేశారు. పెద్దరాములు మీకు తెలుసు కదా, సాంబారంటే ప్రాణం పెడతాడు. ఆయన నిచ్చెన పక్కన చాప వేసుకుని, "నువ్వు తిన్ననాడే నేను తింట" అని కూర్చున్నాడు. అలాంటి మనిషి ఎదుట కీరదోసకాయ ఎలా కొరకను? పైగా అది కరకరలాడుతుంది. గంట కొట్టాక షెడ్డులో చీమ చిటుక్కుమన్నా వినబడుతుంది. అందుచేత మూడు రోజులుగా కేబిన్లో మంచినీళ్ళు తప్ప ఏమీ ముట్టలేదు.

ఇంటి దగ్గర ఇంకో బాధ. దీక్ష చేసేవాడికి కాపలా ఉండాలని యాదగిరి ఇద్దర్ని మా అరుగు మీద కూర్చోబెట్టాడు. పొద్దున్నే పుష్పమ్మ పెరటి గోడ మీంచి జొన్న జావ అందిస్తోంది. నలభై ఆరేళ్ళ వయసులో గోడ చాటున వంగి, చప్పుడు కాకుండా జావ తాగి, మూతి తుడుచుకుని వచ్చి దండ వేయించుకుంటున్నాను. నాకు ఆకలి కన్నా అలసట ఎక్కువగా ఉంది సార్. మీరే ఏదో ఒకటి చేసి నన్ను దింపండి.

ఇట్లు,
తొంభై ఒక్క కిలోల
రామలింగేశ్వరరావు

తా.క.: వారంలో నాలుగు కిలోలు తగ్గాను. డాక్టరు గారి కాగితంలో కోడి, చేప కొట్టేసి యూనియన్ అని రాసుకోమనండి.

---

సంక్షేమ విభాగం,
12-7-1988.

శ్రీ రామలింగేశ్వరరావు గారికి,

విషయం: నిమ్మరసం.

మీ సంజాయిషీ సమంజసంగా ఉన్నది. అయినను అంగీకరించడం కుదరదు. మీరు దీక్షలో లేరని ఒప్పుకున్నచో, దీక్ష విరమించమని యాజమాన్యం మీకు రాసిన రెండు లేఖలు ఎవరికి రాసినట్టో తేల్చవలసి వస్తుంది.

ఇక అసలు విషయం. మీ డిమాండు తప్పని నిరూపించడానికి నిన్న హైదరాబాదు నుంచి తనిఖీ ఇంజనీరును పిలిపించారు. ఆయన ముందు దిమ్మలను తూకం వేయించారు. పదమూడు టన్నులు దాటాయి. తర్వాత క్రేను ఇనప తాడును పూర్తిగా విప్పించి చూశారు. పైకి నిగనిగలాడుతున్నది గాని, లోపలి వరుసల్లో తీగలు చాలా చోట్ల తెగి ఉన్నాయి. "మహా అయితే ఇంకో పది రోజులు" అన్నారాయన. క్రేనును ఆపివేశారు. ఇకపై పది టన్నులు మించి ఎత్తరాదన్న మీ డిమాండు ఆమోదింపబడినది.

కావున రేపు సాయంత్రం నాలుగు గంటలకు జీఎం గారి చేతుల మీదుగా నిమ్మరసం తీసుకుని, మీరు చేయని దీక్షను విరమించవలెనని కోరడమైనది.

భవదీయుడు,
వెంకటేశం

తా.క. (చేతిరాత): నిమ్మరసంల చక్కెర ఎయ్యాల్నా అని డాక్టర్ సాబ్‌ను అడిగిన. ఉప్పు ఎయ్యమన్నడు. జీఎం సాబ్ చక్కెర అన్నడు. ఇద్దర్ల ఎవర్నీ కాదనలేక రెండూ ఏయిస్తున్న. జెర కళ్ళు మూసుకొని తాగుండ్రి.
ఇంకో ముచ్చట. తాడు విప్పినప్పుడు నేను ఆడనే ఉన్న. పెద్దరాములు చాప ఏసుకున్న జాగ సక్కగ దాని కిందనే ఉన్నది. ఆ చాప నేనే సుట్టి అవతల వెట్టిన.

---

పటేల్‌గూడ,
16-7-1988.

వెంకటేశం గారికి,

నిమ్మరసం తాగాను. మీరూ చూశారు. నేను గ్లాసు దించీ దించకముందే ఇరవై రెండు మందీ కేంటీనుకు పరుగెత్తారు. పెద్దరాములు నాలుగుసార్లు సాంబారు పోయించుకున్నాడు. నేను పక్కన కూర్చుని చూశాను. మనిషి అంత తృప్తిగా తినడం నేనెన్నడూ చూడలేదు. నేను మాత్రం వడ్డించుకోలేదు.

ఎందుకో మీకు చెప్పాలి. షెడ్డులో అందరూ నాకు దండం పెడుతున్నారు. యాదగిరి నన్ను ఉపాధ్యక్షుడిగా నిలబెడతానంటున్నాడు. కానీ ఆ క్రేను మూలుగుతోందని నాకు ఏడాదిగా తెలుసు సార్. పెద్ద దిమ్మ లేచినప్పుడల్లా కేబిన్ నేల నా పాదాల కింద సన్నగా వణికేది. సూపర్‌వైజరు ఎత్తమనేవాడు, ఎత్తేవాణ్ణి. దించాక హమ్మయ్య అనుకుని, డబ్బా విప్పి పులిహోర తినేవాణ్ణి. నా పది కిలోల గురించి మీకు మూడు ఉత్తరాలు రాశాను. ఆ మూడు టన్నుల గురించి ఒక్క చీటీ రాయలేదు. యాదగిరి విన్న మాట నేను అనలేదు, నిజమే. ఏడాది కిందటే అనవలసింది.

ఇది మీరు ఫైలులో పెట్టినా నాకు అభ్యంతరం లేదు.

ఇట్లు,
ఎనభై తొమ్మిది కిలోల
రామలింగేశ్వరరావు

తా.క.: దండలన్నీ పుష్పమ్మ గేదెకు పెట్టేశాం. అదీ పుట్టు శాకాహారే, రోజంతా ఆకులే. ఏమాత్రం సన్నబడలేదు.

---

సంక్షేమ విభాగం,
26-8-1988.

శ్రీ రామలింగేశ్వరరావు గారికి,

విషయం: మీ ఫిట్‌నెస్.

మీ జూలై లేఖను ఫైలులో పెట్టలేదు. నకలు మాత్రం రాసుకుని, పేరు తీసేసి, మిగతా ఇద్దరు క్రేను ఆపరేటర్లకు చదివి వినిపించాను. ఇద్దరూ మర్నాడే చెరొక చీటీ రాసి తెచ్చారు. రెండింటినీ జీఎం గారి బల్ల మీద నేనే పెట్టాను.

మొన్నటి మెడికల్లో మీరు ఎనభై ఆరు కిలోలు తూగారు. రెండు కిలోలు ఎక్కువ. నేను ఎంత చెప్పినా డాక్టరు గారు వినలేదు. కేబిన్ ఎక్కడానికి పనికిరారని రాసి సంతకం చేశారు. ఆ కాగితం పట్టుకుని జీఎం గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన చదివి, "ఏ కేబిన్?" అన్నారు.

మూడో షెడ్డుకు కొత్త క్రేను వచ్చింది. దానికి కేబిన్ లేదు, నిచ్చెన లేదు. పైనుంచి ఒక బటన్ల పెట్టె తీగకు వేలాడుతుంటుంది. ఆపరేటరు కింద నిలబడి, బటన్లు నొక్కుతూ దిమ్మతో పాటు నడవాలి. దానికి బరువు నిబంధన ఏదీ లేదు. కావున మీరు ఆపరేటరుగానే కొనసాగుతారు.

ఇక చివరి సంగతి. రాయాలా వద్దా అని రెండు రోజులు ఆలోచించాను. ఈ క్రేనుకు ఆర్డరు ఇచ్చింది ఏప్రిల్ నెలలో. అంటే మిమ్మల్ని కాటా ఎక్కించడానికి రెండు నెలల ముందే. సెప్టెంబరు నాటికి మీరు ఎక్కడానికి అక్కడ అసలు కేబినే ఉండదని ఆఫీసులో ముగ్గురికి తెలుసు. ఆ ముగ్గుర్లో డాక్టరు గారు లేరు, నేను లేను, మీరు అంతకన్నా లేరు.

భవదీయుడు,
వెంకటేశం

తా.క. (చేతిరాత): రావు సాబ్, కేబిన్ పోయిందని రంధి వెట్టుకోకుండ్రి. పద్నాలుగేండ్లు పైకెల్లి సూస్తే మీకు మా నెత్తులే కనబడ్డయ్. ఇగ మొకాలు కనబడ్తయ్. షెడ్డు ఈ మూలకెల్లి ఆ మూలకు దినాం శానా నడుసుడుంటదంట. సోమారం పొద్దుగాల ట్రయలున్నది. కడుపు నిండ తిని రాండ్రి.