ఆరు గళ్లలో ఒక ఓడ

1979 జూలై 2, సోమవారం

హెడ్మాస్టరు శ్రీరామ్మూర్తి గారు ఇవాళ పిలిచి గోడ మీది చార్టు చూపించారు. మామిడికాయ, వంకాయ, కుండ, జెండా, తామరపువ్వు. పన్నెండేళ్లుగా అదే చార్టట. పిల్లలు దాన్ని చూసి దించితే చాలునట.

వారానికి నాకు దొరికేది రెండే పీరియడ్లు, బుధ, శుక్రవారాల్లో ఆఖరి గంట. ఆ రెండింట్లోనూ వంకాయే వేయించాలంటే ఈ పోర్టు పక్క బడికి డ్రాయింగ్ టీచరెందుకు, కార్బన్ పేపరు చాలదూ? ఈ మాట పైకి అనలేదు. అనాల్సింది.

ఇరవయ్యో తేదీన ఇన్‌స్పెక్షను. ప్రతి బడి నుంచీ ఒక బోర్డర్ డిజైను ఎగ్జిబిషనుకి తీసుకుంటారట. నాది టెంపరరీ పోస్టు. ఇన్‌స్పెక్టరు రిమార్కు బాగుంటే ఉంటుంది, లేకపోతే డ్రాయింగ్ పీరియడ్లు లెక్కలకి పోతాయి, నేను ఇంటికి పోతాను. శ్రీరామ్మూర్తి గారు ఈ సంగతి చాలా మర్యాదగా చెప్పారు.

జూలై 6, శుక్రవారం

నాలుగో తరగతికి బోర్డర్ డిజైను మొదలుపెట్టాను. వరసగా ఆరు గళ్లు. ఒకటే బొమ్మ ఆరుసార్లు రావాలి. చార్టు చూడొద్దు, మీరు రోజూ చూసేది ఏదైనా వేయండన్నాను. చేపలు, తువ్వాళ్లు, సైకిలు బెల్లు, ఎవడో వాళ్లమ్మమ్మ ముక్కుపుడక. క్లాసంతా సంతలా ఉంది. నాకు చాలా సంతోషం వేసింది.

గౌరీశ్వరి అని మూడో బెంచీ పిల్ల. నోట్లోంచి మాట రాదు. ఆరు గళ్లలో ఆరు ఓడలు వేసింది. పైన నలుపు, కింద ఎరుపు. గీత చూస్తే చెయ్యి తిరిగిన మేస్త్రీ గీతలా ఉంది. కానీ ఒక్క ఓడలా ఇంకోటి లేదు. మొదటిదానికి ఎరుపు అసలే లేదు. రెండోదానికి నూలుపోగంత. ఆరోదానికి సగం ఓడ ఎరుపే. డిజైనంటే అన్నీ ఒకేలా ఉండాలమ్మా, ఇలా ఇష్టమొచ్చినట్టు కాదు అన్నాను. సరిగ్గానే వేశానంది. గొణిగినట్టుగా అంది.

టైము లేదు. బ్రష్షు తీసుకుని అయిదు ఓడల ఎరుపు మీదా నల్లరంగు పూసేశాను. ఆరూ ఒకేలా వచ్చాయి. పిల్ల ఏడవలేదు. నా చేతి వంకే చూస్తూ నుంచుంది.

జూలై 7, శనివారం

ఇంటికి, పెందుర్తి దాకా, బస్సులో కిటికీ సీటు దొరికింది. అయినా మనసు బాగోలేదు.

జూలై 9, సోమవారం

బడి వదిలాక గేటు దగ్గర ఒకతను. తల నిండా, కనుబొమల మీదా తెల్లటి పొడి. ఎరువుల ఓడలో పని దిగి తిన్నగా వచ్చాడట. గౌరీశ్వరి తండ్రి, తవిటయ్య, పోర్టులో కళాసీ. చేతిలో ఆ కాగితం మడత. కోపంగా లేడు. అదే నాకు ఎక్కువ కష్టంగా ఉంది.

"మా ఓడనెందుకు ముంచేసినారు టీచరుగారూ?" అన్నాడు.

నాకు అర్థం కాలేదు. గోడ మీద కూర్చుని విడమరిచి చెప్పాడు. ఓడ నిండా సరుకుతో వస్తే ఎరుపంతా నీళ్లలో ఉంటుందట. బస్తాలు దించే కొద్దీ ఓడ తేలుతుంది, ఎరుపు బయటపడుతుంది. ఈ పిల్ల మధ్యాహ్నం గేటు దగ్గర తనకి కేరేజీ ఇచ్చి, దర్గా కొండ మెట్లెక్కి, ఎరుపు ఎంత తేలిందో చూసి బడికొస్తుందట. ఎరుపంతా తేలిందంటే పని అయిపోయినట్టు. ఇంకో ఓడ వచ్చేదాకా నాన్న ఇంట్లోనే.

"ఆరోడలు కావండి. ఒకటే ఓడ. ఆరు రోజులు" అన్నాడు.

డ్రాయింగ్ హయ్యర్ పరీక్ష పాసయ్యాను. చూసింది వేయమన్నది నేనే. వేస్తే పూసేసిందీ నేనే. పెందుర్తిలో పుట్టిన నేను ఓడని ఎప్పుడూ ఓడలాగే చూశాను, ఇంత దగ్గర్లో పని చేస్తూ ఒక్కరోజైనా దాని పొట్ట వైపు చూడలేదు. సిగ్గేసింది. క్షమించమన్నాను. అతను కంగారుపడి అయ్యయ్యో అంటూ వెళ్లిపోయాడు.

జూలై 11, బుధవారం

క్లాసులో అందరి ముందూ చెప్పాను. గౌరీశ్వరి వేసింది రైటు, నేను దిద్దింది తప్పు. టీచరు తప్పు చేస్తుందా అని ముందు బెంచీ వాడు అడిగాడు. చేస్తుంది, చేసింది అన్నాను. వాళ్లు దాన్ని చాలాసేపు నమ్మలేదు.

కొత్త షీటు ఇచ్చాను. మళ్లీ ఆరు ఓడలు వేసింది. నల్లటి వరస కింద ఎరుపు మెట్లు మెట్లుగా లేచింది. నేను నేర్చుకున్న ఏ పుస్తకంలోనూ ఇంత మంచి బోర్డరు లేదు. ఇదే ఎగ్జిబిషనుకి.

జూలై 13, శుక్రవారం

శ్రీరామ్మూర్తి గారు చూశారు. తామరపువ్వు పెట్టించమన్నారు. కుదరదన్నాను. ఆ పిల్ల చేతే తామరపువ్వు వేయించండి, పిల్ల పేరు ఉంటుంది కదా అన్నారు. అదీ కుదరదన్నాను. తనకి రిటైర్మెంటు ఎనిమిది నెలల్లో ఉందనీ, ఈ వయసులో తన ప్రాణానికి నన్ను తెచ్చిపెట్టారనీ అన్నారు. నిజంగానే బాధపడ్డారు. టీ కూడా తెప్పించారు. తాగి, కుదరదని మళ్లీ చెప్పి వచ్చాను.

జూలై 20, శుక్రవారం, సాయంత్రం

ఇన్‌స్పెక్షను అయింది. కోపం ఇంకా దిగలేదు.

ఇన్‌స్పెక్టరు గారు షీటు అటూ ఇటూ తిప్పారు. మోటిఫ్ యూనిఫాంగా లేదన్నారు. ఒకే ఓడ ఆరు రోజులని చెప్పబోయాను, డిజైన్‌లో రోజులుండవన్నారు. పిల్ల ఎదురుగా ఉంది. అడగండి, తనే చెబుతుందన్నాను. ఆయన గౌరీశ్వరి వంక కూడా చూడలేదు. ఎర్ర ఇంకుతో బొమ్మ కిందే రాశారు, వెనక కాదు. "తప్పు."

నేను ఆయన బల్ల మీది పెన్నే తీసుకుని దాని కింద "ఒప్పు" అని రాసి సంతకం పెట్టాను. తేదీ కూడా వేశాను.

శ్రీరామ్మూర్తి గారి మొహం చూస్తే జాలేసింది. కానీ మళ్లీ రాయమంటే మళ్లీ రాస్తాను.

జూలై 23, సోమవారం

మెమో. పై అధికారి పట్ల అవిధేయత. ముప్పయ్యో తేదీలోగా సంజాయిషీ ఇవ్వాలి, తృప్తికరంగా లేకపోతే తొలగిస్తారు.

శ్రీరామ్మూర్తి గారు క్షమాపణ పత్రం తనే రాసి ఉంచారు. నా సంతకం ఒక్కటే తక్కువ. అమ్మ కూడా అదే మాట. నాలుగు ముక్కలు రాసి పడేస్తే నీ సొమ్మేం పోయిందంది. నా సొమ్ము కాదమ్మా, ఆ పిల్లదన్నాను. నాకు మొండితనం నాన్న నుంచి వచ్చిందని తేల్చి వంటింట్లోకి వెళ్లింది.

జూలై 24, మంగళవారం, మధ్యాహ్నం 1

కొత్త ఓడ వచ్చింది. దర్గా కొండ మెట్ల మీద కూర్చుని వేశాను. ఎరుపు లేదు. రోజుకో బొమ్మ చొప్పున నా సంజాయిషీ మొదలైంది.

జూలై 25, మధ్యాహ్నం 1.10

నల్లని అంచు కింద గోరంత. కనిపించగానే చప్పట్లు కొట్టాను. మేకలు కాసుకుంటున్న ముసలాయన నా వంక అదోలా చూశాడు.

జూలై 26

వాన. కొండెక్కలేదు. ఇంటికొచ్చి అందాజుగా ఇంకో వేలెడు ఎరుపు పెట్టేశాను.

జూలై 29, ఆదివారం, మధ్యాహ్నం 1

ఆరో బొమ్మ. సగం ఓడ బయటికొచ్చేసింది. క్రేన్లు ఆగిపోయాయి.

జూలై 30, సోమవారం

పొద్దున్నే ఆరు బొమ్మలూ గౌరీశ్వరికి చూపించాను. ఒక్కోదాని మీదా తేదీ, గంట, నా సంతకం. చాలా శ్రద్ధగా చూసింది. మూడోదాని దగ్గర ఆగింది. వేలు పెట్టి ఎరుపుని రుద్దింది.

"ఇది తప్పు టీచరుగారూ. ఆ రోజు వాన. ఓడకి మూతలేసీసినారు. నాన్న ఇంటికొచ్చీసినాడు. ఎరుపు పైకి రానేదు."

నెల రోజుల్లో ఆ పిల్ల నాతో మాట్లాడిన అతి పెద్ద మాట ఇది. చూడకుండా తప్పన్నాడని ఇన్‌స్పెక్టరుని తిట్టుకున్నాను. చూడకుండా వేసి సంతకం పెట్టింది ఎవరు?

ఎరుపు మీద రంగు పూయలేదు ఈసారి. కొత్త కాగితం తీసుకుని, రెండో రోజు ఎంత ఉందో మూడో రోజూ అంతే పెట్టి, గంట వేయకుండా, కింద రాశాను: "వాన. నేను చూడలేదు. గౌరీశ్వరి, నాలుగో తరగతి, చెప్పగా వేసినది." కింద ఆమె చేత సంతకం పెట్టించాను. నాలుక బయటపెట్టి మరీ రాసింది.

నాలుగు, అయిదు, ఆరు నేను కొండ మీద కూర్చుని చూసి వేసినవే. వాటిలో గౌరీశ్వరి తప్పు పట్టలేదు. చాలా గర్వంగా అనిపించింది.

శ్రీరామ్మూర్తి గారు వీటిని పై ఆఫీసుకి పంపనన్నారు. ఇది సంజాయిషీ కాదన్నారు. నేనే ఆఫీసుకి తీసుకెళ్లి ఇచ్చి ముద్ర వేయించుకున్నాను. పైన ఒకే వాక్యం రాశాను. ఇది ఒకే ఓడ, నా బడి పిల్ల చెప్పింది ఒప్పు.

ఆగస్టు 13, సోమవారం

ఆర్డరు వచ్చింది. సంజాయిషీ తృప్తికరంగా లేదట. పదహారో తేదీ నుంచి నా సేవలు అక్కర్లేదు. రెండు పీరియడ్లూ లెక్కలకి.

ఏడ్చాను. కోపంతోనే ఎక్కువ. పశ్చాత్తాపం మాత్రం వెతికినా దొరకలేదు. శ్రీరామ్మూర్తి గారు గేటు దాకా వచ్చి గొడుగు తెరిచి ఇచ్చారు. వాన లేదు. తీసుకున్నాను.

ఆగస్టు 19, ఆదివారం, ఉదయం 7

దర్గా కొండ మెట్లు. క్లాసు పిల్లలు పదకొండు మంది వచ్చారు. కింద ఒక ఓడ, ఎరుపు లేదు. అందరం వేస్తున్నాం, నేనూ. నా బొమ్మలో తప్పు కనబడితే చెప్పమన్నాను. ఇప్పటికి రెండు చెప్పారు.