మిడతకు క్యారియర్

బావగారికి,

నడుము వంగని మీ బావమరిది నిలబడే పెడుతున్న నమస్కారాలు. మీరూ అక్కా క్షేమమని తలుస్తాను. నేను క్షేమమో కాదో ఆరు వారాలయ్యాక చెబుతానన్నాడు డాక్టరు.

ఫోన్లో నా మాట మీకు సగమే వినిపిస్తుంది, మిగతా సగం మీరే కల్పించుకుంటారు. అందుకే ఈ ఉత్తరం. మొన్న మీ గుమ్మం ముందు నడుం పట్టేశాక నా సైకిల్ అక్కడే వదిలేసి, దున్నపోతు లాంటి మీ పాత సైకిల్‌ను బస్సు మీద వేయించుకుని వచ్చాను కదా. ఇప్పుడు దాని మీదే నిటారుగా కూర్చుని పనికి వెళ్తున్నాను. కుర్చీలో కూర్చున్నట్టే ఉంది. ఈ సంగతి మా సైకిల్ జట్టు చెవిన పడనివ్వకండి.

ఆరు వారాల్లో మా జట్టుకు కొండ పందెం ఉంది. పోయినేడు నేను ఆఖరున వచ్చాను. నాకు నలభై ఆరేళ్ళు. ఈసారి కూడా ఆఖరైతే మర్యాదగా సాగనంపుతారు. నా ఆశలన్నీ ఆ తేలిక సైకిల్ మీదే. అది ఏడు కిలోల రెండొందల గ్రాములు, మా మందుల ల్యాబులో నా చేతులతో తూచాను. బావగారూ, దాన్ని మీ సొంత సైకిల్‌లా చూసుకోండి.

ఇట్లు,
కూర్చోలేక, నిలబడలేక,
మీ బావమరిది

తా.క. మీ సైకిల్ బెల్లు కొడితే పాలవాడొచ్చాడనుకుని మా వీధిలో ఇద్దరు గిన్నెలు పట్టుకుని బయటికి వచ్చారు.

*

చిరంజీవి బావమరిదికి,

మీ బావ దీవెనలు. నీ నడుము త్వరగా వంగుగాక.

నిన్నెవరో నిలువునా మోసం చేశారయ్యా. నీ సైకిల్‌కు స్టాండు లేదు, బెల్లు లేదు, మడ్‌గార్డులు లేవు, చైను కవరు లేదు. సీటు చూస్తే కత్తిపీట. ఎండలో నిలబెడితే మిడతలా ఉంది. నడుం పట్టేయక ఏమవుతుంది? గడియారాల కొట్టు మూసి ఏడాదైంది కానీ నా చేతులు మాత్రం ఊరుకోవు. సొంతదానిలా చూసుకోమన్నావుగా, ముందుగా ఒక మంచి స్టాండు వేశాను.

ఇబ్బందల్లా మీ అక్కతోనే. ముప్పై ఏళ్ళుగా ఆవిడ ఆసుపత్రి డ్యూటీకి వెళ్ళేది నా వెనక క్యారియర్ మీద కూర్చునే. ఆసుపత్రి ముందు ఎత్తు వచ్చేసరికి మాత్రం ఏడాదిగా తనే దిగి నడుస్తోంది. గాలి బావుంటుందట. ఇప్పుడేమో ఇంటి దగ్గర నుంచే నడుస్తోంది. నన్నొక్క మాట కూడా అనలేదు, నాకు భయమంతా అదే. దున్నపోతును త్వరగా పంపు.

ఇట్లు,
వాకిట్లో అటూ ఇటూ తిరుగుతున్న
మీ బావ

తా.క. హ్యాండిల్‌కు దెబ్బ తగిలినట్టుంది, ఆ చివర నుంచి ఈ చివర దాకా కట్టు కట్టారు. విప్పి చూశాను. గాయం మానిపోయింది, బెంగపడకు.

*

బావగారికి,

గుండెలో రాయి పడ్డ మీ బావమరిది నమస్కారాలు.

అది కట్టు కాదు, పట్టు! చేతులు జారకుండా చుట్టిన టేపు! ఇక స్టాండు సంగతి. నోరు కట్టుకుని రెండు నెలల్లో నేను తగ్గిన బరువును మీరు ఒక్క పూటలో ఎక్కించేశారు. ఈ సైకిళ్ళ ధర్మం ఒక్కటే బావగారూ: మనిషికి ఏది అవసరమో అదే ఉండాలి, మిగతాదంతా దండగ. దయచేసి ఈ ఒక్క ముక్క గుర్తుపెట్టుకుని దాని ప్రకారం చేయండి.

నా వల్లా ఒక తప్పు జరిగింది, దాచను. డాక్టరు విశ్రాంతి తీసుకోమన్నాడు కానీ విశ్రాంతి నా ఒంటికి పడదు. మీ సైకిల్‌ను ల్యాబులో సరుకు తూచే కాటా మీద పెట్టాను. ఇరవై రెండు కిలోలు! ఇక చేతులు ఆగలేదు. మడ్‌గార్డులు, చైను కవరు, క్యారియర్ ఊడదీశాను. ఊరకున్నంత ఉత్తమం, బోడిగుండంత సుఖం లేదన్నారుగా, ఊరుకోవడం నాకు చేతకాదు కనుక బోడిగుండు చేశాను. ఇప్పుడు గాలిలో పోతోంది. అన్నీ ఒక గోనెసంచిలో భద్రంగా ఉన్నాయి.

ఇట్లు,
కాలు కాలిన పిల్లి,
మీ బావమరిది

తా.క. క్యారియర్‌కు ఒక పాత దిండు కట్టి ఉంది. చిరిగిందని పారేశాను.

*

బావమరిదికి,

దీవెనలు ఈసారికి లేవు.

అది దిండు కాదయ్యా, మీ అక్క సింహాసనం. కొట్టు తెరిచిన ఏడాది గుమ్మానికి కట్టిన తెర చించి, నా చేత్తో కుట్టాను. సూదిపని రాక వేళ్ళన్నీ పొడుచుకున్నాను. ముప్పై ఏళ్ళలో ఆవిడకు నేను కుట్టిచ్చింది అదొక్కటే. ఈ వార్త ఆవిడకు నేనెలా చెప్పను? నువ్వే చెప్పు.

నీ ధర్మం మాత్రం నచ్చింది. మనిషికి ఏది అవసరమో అదే ఉండాలి. మీ అక్కకు ఏం అవసరమని ఆలోచించాను. క్యారియర్ అవసరం. బురద పడకుండా మడ్‌గార్డులు అవసరం. టిఫిన్ డబ్బాకు బుట్ట అవసరం. నాకు స్ప్రింగుల సీటూ, వెడల్పు పెడళ్ళూ అవసరం. అన్నీ వేశాను. దండగది ఒక్కటి కూడా లేదు.

క్యారియర్ బిగించడానికి నీ మిడతకు రంధ్రాలు లేవు. నేను పెట్టాను. కంగారు పడకు, గడియారాలు విప్పిన చేతులివి, వెంట్రుకవాసి తేడా రాలేదు. అన్నీ అయ్యాక మీ అక్కను ఎక్కమంటే, బండి చుట్టూ రెండుసార్లు తిరిగి, ‘తర్వాత చూద్దాం’ అని నడిచే వెళ్ళిపోయింది.

ఇట్లు,
మీ అక్క మౌనానికి హడలిపోతున్న
బావ

తా.క. రంధ్రాలు పెడుతుంటే లోపలంతా బోలుగా కనిపించింది. అక్కడ కూడా నిన్ను మోసం చేశారు.

*

బావగారికి,

నమస్కారం.

మీ ఉత్తరంలో ‘నేను పెట్టాను’ అన్న మాట దగ్గర లేచి నిలబడ్డాను. ఇంతవరకూ కూర్చోలేదు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టయింది నా బతుకు. పందెం ఇంకా పది రోజులే ఉంది. నడుము నయమైంది, అదీ మీ దున్నపోతు చలవేనని డాక్టరన్నాడు. శనివారం పొద్దున్నే నేనే వస్తున్నాను. అప్పటిదాకా ఆ సైకిల్‌ను ఎవరూ ముట్టుకోవద్దు, తుడవద్దు, దాని వంక చూడనైనా చూడొద్దు. రంధ్రాలు ఎలాగోలా పూడ్చుకుంటాను.

అక్కకు నా తరఫున క్షమాపణ చెప్పండి. మనసులో చాలా బాధగా ఉంది.

ఇట్లు,
మీ బావమరిది

తా.క. మా ఆవిడ నన్ను నమ్మదు కనుక చెత్తబుట్టలో నేను పడేసినవన్నీ ఒకసారి చూస్తుందట. దిండు తీసి, చిరుగు కుట్టి, ఉతికి ఆరేసింది. తెస్తున్నాను.

*

చిరంజీవి బావమరిదికి,

మనస్ఫూర్తిగా దీవెనలు. మీ ఆవిడకు రెండింతలు.

శనివారం దిండు కోసమైతే రా. సైకిల్ కోసమైతే రాకు. అది ఇంట్లో ఉండదు.

మొన్న పొద్దున లేచి చూస్తే వాకిట్లో మిడత లేదు. దొంగలు పడ్డారనుకుని చెప్పులు కూడా వేసుకోకుండా ఆసుపత్రి దాకా పరిగెత్తాను. ఎత్తు కింద నిలబడి రొప్పుతూ చూద్దును కదా, పైన మీ అక్క! దిగకుండా, ఆగకుండా తొక్కుకుంటూ ఎత్తెక్కేసింది. మూడు వారాలుగా నేర్చుకుంటోందట. నేను మధ్యాహ్నం కునుకు తీసేటప్పుడు పెరట్లో స్టాండు వేసి, కదలని సైకిల్‌నే తొక్కిందట. ధైర్యం వచ్చాక స్టాండు తీసిందట. ఆ రోజు బండి చుట్టూ రెండుసార్లు తిరిగింది క్యారియర్ చూడ్డానికి కాదు, సీటు ఎత్తు సరిపోయిందా అని. దున్నపోతును స్టాండు మీంచి దించడానికే ఆవిడకు బలం చాలేది కాదు. దీన్ని చంటిపిల్లలా దించుకుంటోంది.

ఎందుకు చెప్పలేదని అడిగాను. “ముప్పై ఏళ్ళూ మీ వీపే చూశాను. దారి ఇప్పుడే చూస్తున్నాను, కాస్త చూడనివ్వండి” అంది. నాకు గర్వంగానే ఉంది. దిగులుగానూ ఉంది. ఆవిడ డ్యూటీకి వెళ్ళిపోయాక ఇంట్లో కాలు నిలవడం లేదు. ఒకే గడియారాన్ని నాలుగుసార్లు విప్పి బిగించాను.

పందెం దున్నపోతు మీదే చెయ్యి. చేసుకున్నవాడికి చేసుకున్నంత. తూచి చూస్తే నువ్వు బోడిగుండు చేసిన నాదీ, నేను నగలు పెట్టిన నీదీ ఒకే బరువుంటాయి. ఆఖరున వస్తానని భయపడకు. పందెం జరిగే ఆదివారం మీ అక్కకు సెలవు, తన పేరు కూడా రాయించమంది. నువ్వు ఆఖరైనా మీ ఇంటివాళ్ళెవరో ఒకరు ముందుంటారు.

ఇట్లు,
మీ బావ

తా.క. దిండు మాత్రం మరిచిపోకు. వచ్చే సోమవారం నుంచి మిడత క్యారియర్ మీద కూర్చునేది నేను. మీ అక్క ఒప్పుకుంది, ఒక్క షరతు మీద. ఆసుపత్రి ఎత్తు రాగానే నేను దిగి నడవాలట. గాలి బావుంటుందట.