తిమ్మిరికి ఇంగ్లీషు మాట

12 నవంబరు 1958, బుధవారం
నరసరావుపేట

ఈ రోజు రొంపిచెర్ల నుంచి ఒక అత్తగారు కోడలు మరియమ్మను నేను నర్సుగా ఉన్న మిషను ఆసుపత్రికి తీసుకొచ్చింది. "ఎడమ చేతికి తిమ్మిరమ్మా" అంది మరియమ్మ. మా డాక్టరమ్మది కేరళ, తెలుగు రాదు. రోగులు చెప్పింది నేనే ఇంగ్లీషులో చెప్పాలి. జుమ్మనడానికి వాడే 'టింగ్లింగ్' అనే మాట నోటిదాకా వచ్చింది. అనుమానం వస్తే ఊహించవద్దని, రోగినే మళ్ళీ అడగమని డాక్టరమ్మ నాకు నేర్పింది. అందుకని ఆగాను.

"చీమలు పాకినట్టుంటదా?"

"పాకితే తెలిసేదేగా సిస్టరమ్మా. పొయ్యి కాడ కాలినా తెలవట్లేదు."

అది మొద్దుబారడం. అప్పుడు 'నంబ్‌నెస్' అన్నాను. డాక్టరమ్మ వెంటనే కలం పక్కన పెట్టి, మరియమ్మ ముంజేతి మీద పాలిపోయిన మచ్చను దూదితో తాకి చూసింది. స్పర్శ లేదు. కుష్టు మొదలైందట. వేళ్ళు ఇంకా వంకర పోలేదు కాబట్టి, మానకుండా మాత్రలు వాడితే చెయ్యి నిలబడుతుందట.

ఆ జబ్బు పేరు వాళ్ళకు తెలుగులో చెప్పాల్సిందీ నేనే. చెప్పాక మరియమ్మ తల ఎత్తలేదు. తరువాత ఆ పెద్దావిడ కోడలి కాలిన చేతినే పట్టుకుని లేపింది.

"పదమ్మే, బండికి పొద్దుపోద్ది. ఇక నుంచి పొయ్యి కాడ నేనుంటా. నువ్వు మాత్రలు మింగు."

మరియమ్మ భర్త ఏమంటాడో, ఊళ్ళో వాళ్ళు బావి దగ్గరికి రానిస్తారో లేదో. ఆ దిగులు ఉంది. అయినా ప్రభువా, ఆ అత్తగారిని నా కళ్ళకు చూపించినందుకు నీకు స్తోత్రం.